అట్ట మీది ఫోటో తీసినావిడ

ఇక్కడ గల్ఫులో, సబా అల్ సలేం అనే చోట ఇంటిపని చేసే మా చెల్లెలు రమణమ్మకు ఆ శుక్రవారం ఒక్కపూటే సెలవు దొరికింది. నాకోసం ఉద్దివడలు చేసుకొచ్చింది. సముద్రం పక్కన బెంచీ మీద కూర్చున్నాం. నా చేతిలో ఉన్న తెలుగు అనువాద నవల, దాని అట్ట మీద రచయిత ఫోటో చూసి ఒక తెల్లావిడ దగ్గరికొచ్చింది.

"ఆ అట్ట మీది ఫోటో తీసింది నేనే. ఆయన మా నాన్న," అంది ఇంగ్లీషులో.

స్కాట్లాండు చరిత్ర మీద నవలలు రాసిన ఆ రచయితంటే నాకు ప్రాణం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈవిడ ఇక్కడ బడిలో టీచరట. తెలుగు అక్షరాల్లో నాన్న పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాన్ని వేలితో తడిమింది. నాకిక పట్టపగ్గాల్లేవు. ఆ నవల్లో కూతుర్ని భుజాన వేసుకుని మంచులో నడిచిన సైనికుడి కథంతా ఆవిడకే చెప్పాను.

"ఆయనది ఎంత మెత్తని మనసో!" అన్నాను.

"పుస్తకాల్లో అంతే. చచ్చిపోయిన రాజుల గుర్రాల పేర్లన్నీ ఆయనకు తెలుసు. నా స్నేహితురాళ్ల పేరు ఒక్కటీ తెలియదు," అంది. తర్వాత నా వెనక్కి చూసి, "ఈమె ఎవరు? ఇందాకటి నుంచి మీతో ఏదో చెప్పాలని చూస్తోంది," అంది.

రమణమ్మ అప్పటికే లేచి నిలబడింది. పనిచేసే ఇంటి యజమానురాలిని తను మామా అంటుంది.

"మామా ఫోన్ చేస్తాంది న్నా. నే పోవాల. వడలు రూముకు పోయి తిను."

"ఏదో చెప్పాలనుకున్నావా?"

"ఏంలే న్నా. ఇంగెప్పుడన్నా చెప్తాలే."

బస్సు దాకా తన వెంట నడిచాను. తలెత్తి మొహం చూడలేకపోయాను. తను పనిచేసే ఇంట్లో ఎందరుంటారో, తనతో ఎట్లా ఉంటారో, తను ఈ దేశం వచ్చినప్పటి నుంచి నేనొక్కమాటన్నా అడగలేదు.