చేతులు మూసుకుపోయిన కోటు

మా వీధిలో బట్టలు కుట్టే ఆమెను కత్తెరక్క అనేవాళ్లం. నోరు కూడా అంత పదును. కడుపుతో ఉండగా రక్తపరీక్షలో హెచ్ఐవి అని తేలినప్పుడు మూడు రోజులు మిషన్ తొక్కలేదని తనే నాకు చెప్పింది. నాలుగో రోజు నుంచి మాత్ర ఒక్క పూట తప్పలేదు. పుట్టిన పాపకూ ఆసుపత్రి నర్సమ్మ చెప్పినట్టే చుక్కల మందు పోసింది. పాపకు సోకిందో లేదో పద్దెనిమిదో నెల పరీక్ష తేల్చాలి.

ఫలితం వచ్చే రోజు నా చొక్కా కోసం కొట్లో కూర్చున్నాను. కత్తెరక్క నర్సమ్మ తెల్లకోటు చేతుల అంచులు మడిచి కుడుతోంది. ఫోను మోగింది.

"పాపకు ఏమీ లేదే తల్లీ!" నర్సమ్మ కేక నాకూ వినిపించింది.

"మళ్లీ చెప్పు వదినా!"

నాలుగుసార్లు చెప్పించుకుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, నవ్వుతూ మిషన్ తొక్కుతూనే ఉంది.

సాయంత్రానికి నా చొక్కా పూర్తయింది. అప్పుడే నర్సమ్మ వచ్చి కోటు తొడుక్కుంది. చెయ్యి లోపలికి వెళ్లింది గానీ బయటికి రాలేదు. రెండు చేతుల చివరలూ చక్కగా మూసి కుట్టేసి ఉన్నాయి.

"ఇది కోటా, దిండు గలీబా?"

"రెండు వరసలు వేశాను వదినా, చచ్చినా ఊడదు!"

పాప ఆ మూసిన చెయ్యి పట్టుకుని ఊగుతోంది. ఇంతలో మాత్ర వేళ అయిందని అలారం మోగింది. కత్తెరక్క మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగబోయి ఫక్కున నవ్వింది. నీళ్లు నా కొత్త చొక్కా మీద పడ్డాయి.

"ముందు మింగవే!" అని నర్సమ్మ గద్దించింది.

రెండో గుక్కకు మింగింది. కుట్లు మాత్రం నేనే విప్పాల్సి వచ్చింది.