ఎలపటి ఎద్దును దాపట కట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాడికి తెలియనిదంటూ లోకంలో ఉండదన్నది మొదటిది. ఎద్దులబండి కట్టడం చదువు రానివాళ్ళు కూడా చేసే పని గనక నాకు చిటికెలో పనన్నది రెండోది. రెండు నమ్మకాలూ ఒకే పూట, ఒకే పల్లిచేను బురదలో దిగబడిపోయాయి. వాటితో పాటు మా ఇంటికి సంబంధించిన ఇంకొకటి కూడా పోయింది. నవ్వుతూనే మొదలుపెడుతున్నాను గానీ, చివరిదాకా నవ్వగలనని మాత్రం మాట ఇవ్వలేను.

కోడేరు దాటి కొంతదూరం పోతే ఒక మామిడితోట ఉంది. రిటైరైన ఇంజనీరొకాయన ఆ తోటలో నాలుగు గదులు కట్టించి, పట్నం కుటుంబాలు వచ్చి నాలుగు రోజులు పల్లె బతుకు చూసి వెళ్ళేలా ఏర్పాటు చేశాడు. ఆయన్ని మేం చాటున బోర్డు సారు అనేవాళ్ళం. కనిపించిన ప్రతిదానికీ బోర్డు రాయించేవాడు. బావి దగ్గర 'బావి', కోళ్ళ గూటి మీద 'కోళ్ళు', కొట్టం మీద 'ఎద్దులు' (ఏనుగులని పొరపడతారేమోనని కాబోలు). ఆ ఎద్దులు మాత్రం సారువి కావు, మా నాయనవి. ఏళ్ళ తరబడి పుణె, బొంబాయి మట్టిపనులకు తిరిగి, ఇక చాలనుకుని ఊరికొచ్చాక కొనుక్కున్న జత. నన్ను ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెట్టి చదివించాడు, వాటి పగ్గం నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. అందరి సేద్యమూ ట్రాక్టర్ల మీదికి పోయాక, తోటకొచ్చినవాళ్ళను బండి మీద తిప్పే పని దొరకబట్టే ఆ జత మాకు మిగిలింది. నాకూ అక్కడే నౌకరీ. వచ్చినవాళ్ళకు చేలూ గుట్టలూ చూపించడం, చుట్టుపక్కల ఊళ్ళకు జీపులో తీసుకుపోయి తీసుకురావడం.

ఆ వానాకాలం సారుకు కొత్త ఆలోచన వచ్చింది. ట్రాలీకి మెత్తటి సీట్లు వేయించి ట్రాక్టరుతో తిప్పితే ఎలా ఉంటుందని. ఈసారి వచ్చేవాళ్ళు బండి బాగుందంటే ఎద్దులుంటాయి, లేదంటే ట్రాలీయేనని తేల్చేశాడు. నాయన సరేనని తలూపి, ఆ సాయంత్రం ఎద్దులను రెండుసార్లు కడిగాడు.

ఆ వచ్చినవాళ్ళు హైదరాబాదు నుంచి భార్యాభర్తలు, పదేళ్ళ పాప, పాప నాయనమ్మ. వాళ్ళతో పాటే ముసురూ దిగింది. మొదటి రోజు బీచుపల్లి పోతే కృష్ణ ఎక్కడ అయిపోయిందో వాన ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆంజనేయస్వామి దర్శనమైతే అయింది గానీ, బయటికి రాగానే పాప నాన్నగారి కళ్ళజోడు కోతి పట్టుకుపోయింది. రెండో రోజు గద్వాల కోట చూద్దామని బయలుదేరితే వనపర్తి దాటకముందే పాపకు కడుపులో తిప్పి వెనక్కి తిరిగాం. పల్లికాయ పీకుడనే కార్యక్రమం కూడా ఉండేది. చేలోకి కాలు పెట్టలేక, నేనే చెట్లు పెరికి వరండాలో పోస్తే వాళ్ళు కుర్చీల్లో కూర్చుని తెంపారు. కళ్ళజోడు లేని ఆయన కాయలు పారేసి ఆకులు దాచుకున్నాడు. మూడో రోజు పొద్దున, ఒక రోజు ముందే వెళ్ళిపోదామని వాళ్ళు గదిలో మాట్లాడుకోవడం విన్నాను. నాకు ఎద్దులే కళ్ళముందు మెదిలాయి.

ఆ రోజే నాయనకు మోకాలు బాగా సలిపి, అమ్మను తోడు తీసుకుని నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయాడు. పోతూ పోతూ, "వాన జర ఆగినా నేనొచ్చెదాంక బండి కట్టకు" అన్నాడు. సరేనన్నాను. మధ్యాహ్నానికి చినుకు ఆగింది. పాప కొట్టం ముందు నిలబడి ఎద్దులను చూస్తోంది. బండి ఎక్కకుండానే పోవాలన్నమాట అని వాళ్ళ నాన్న నిట్టూర్చాడు. నాయన కోసం, ఎద్దుల కోసం, నేనొక్కణ్ణే ఏదో చేయాలనిపించింది. ఇప్పటికీ ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేను, చేతులనే తప్పుపడతాను.

జత ఎద్దుల్లో ఒకటి ఎప్పుడూ కుడివైపే నడుస్తుంది, దాన్ని మా దిక్కు ఎలపటిదంటారు. ఎడమది దాపటిది. దూడగా ఉన్నప్పుడు ఎటు మరిగితే ఇక బతుకంతా అటే. ఇది నాకు తెలుసు. నాయన కొట్టంలో కూడా వాటిని అదే వరసలో కట్టేస్తాడనీ తెలుసు. రెండూ తెల్లవే, రెండూ ఒకే ఎత్తు. మేత వేసే గాడికి ఇవతల నిలబడి, నా కుడిచేతి వైపున్నదాన్ని కుడికీ, ఎడమవైపున్నదాన్ని ఎడమకీ కాడి కింద పెట్టాను. అవి నాకెదురుగా మొహం పెట్టి నిలబడ్డాయన్న సంగతి తోచనే లేదు. (ఎదుటివాడి కుడి మనకు ఎడమ అవుతుందని అద్దాల పాఠంలో నేను బొమ్మ గీసి మరీ రాసినవాణ్ణి.)

అందరూ ఎక్కాక నాయనమ్మ ఎద్దులను కాసేపు చూసింది. కృష్ణకు కింది వైపు, ఎలపటిని వలపటి అనే ఊళ్ళో రైతు ఇంట పుట్టిన మనిషి. "అబ్బాయ్, వలపటిది దాపట కట్టావేమో చూసుకో" అంది. నేను వెనక్కి తిరక్కుండానే, "మా దిక్కు గిట్లనే కడ్తమమ్మా" అన్నాను. ఆవిడ బండి అంచు గట్టిగా పట్టుకుంది.

నూరు అడుగులు బాగానే నడిచాయి. తర్వాత దేని చోటు అది వెతుక్కోవడం మొదలైంది. కుడిది ఎడమకు నెడుతుంది, ఎడమది కుడికి తోస్తుంది. నేను పగ్గం ఎటు లాగినా వాటికి అర్థం వేరేగా అందుతోంది. బండి బాటలో ఒకసారి గుండ్రంగా తిరిగి, గట్టు దిగి, సారు పల్లిచేలో ఇరుసుదాకా కూరుకుపోయింది. సరిగ్గా అప్పుడే వాన మళ్ళీ అందుకుంది. పాప నాన్న దూకి ఒక చెప్పు పోగొట్టుకున్నాడు, దాన్ని వెతకబోయి రెండోదీ పోగొట్టుకున్నాడు. పాప వాళ్ళమ్మ నా మీద అరవబోయి, పాప నవ్వు చూసి ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం దిగలేక, బండి మీదే గొడుగు వేసుకుని కూర్చుంది. నేను ఎద్దులను బతిమాలాను, తిట్టాను, చివరికి ఇంగ్లీషులో కూడా చెప్పి చూశాను.

ఆటో దిగిన నాయన బాట మీంచే అంతా చూశాడు. మందుల కవరు అమ్మ చేతికిచ్చి, నొప్పి కాలుతోనే చేలోకి దిగాడు. కాడి విప్పాడు, ఎద్దులను అటుదిటు ఇటుదటు మార్చాడు, నాలుకతో చిన్నగా చప్పుడు చేశాడు. బండి నాయనమ్మతో సహా గట్టెక్కింది. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి గొడుగు మొహానికి అడ్డంగా దించుకుంది.

బోర్డు సారు ఉరుక్కుంటూ వచ్చి ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "ఎద్దులు ముసలివైనయి సారూ. ఉరుముకు బెదిరినయి." ఆ రోజు ఒక్క ఉరుమూ ఉరమలేదు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నా బతుకులో నాకు సిగ్గనిపించే పని ఏదంటే, తప్పు కట్టడం కాదు, అప్పుడు నోరు మూసుకోవడం.

విచిత్రమేమిటంటే, ఆ కుటుంబానికి ఆ మధ్యాహ్నమే అన్నిటికన్నా నచ్చింది. పోయేటప్పుడు పాప ఎద్దుల మెడలు కావలించుకుంది. కానీ బెదిరే ఎద్దులను నమ్మి మనుషులను ఎలా ఎక్కిస్తామని సారు ట్రాలీనే తెప్పించాడు. నాయన జతను పెబ్బేరు సంతకు తోలాడు. కొన్నది గద్వాల దిక్కు రైతు, మాటకోసారి 'అవును'కు బదులు కన్నడంలో 'హౌదు' అనే మనిషి. పగ్గాలు అప్పజెబుతూ నాయన, "గిది ఎలపట, గిది దాపట. మార్చి కట్టకు అన్నా, పరేషాన్ అయితయి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఆ నౌకరీ నేను చేసింది మరో రెండు నెలలే. తర్వాత నాగర్‌కర్నూల్‌లో ఒక స్కూల్లో సైన్సు చెప్పే పని దొరికింది. ఏటా అద్దాల పాఠం వచ్చినప్పుడల్లా, మా సారు ఇక్కడ ఎందుకు ఆగుతాడని పిల్లలు మొహాలు చూసుకుంటారు.

మొన్న నాయనను దవాఖానకు తీసుకుపోతూ, బస్టాండు నుంచి నడుస్తుండగా ఇన్నేళ్ళకు అడిగాను. ఆనాడు ఎద్దుల మీద ఎందుకు వేశావని. "ఎద్దులు మాట పడ్తయిరా. నువ్వు పడవు. నౌకరి పోతే నా లెక్కనే బొంబాయి బస్సెక్కుదువని భయమైంది" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుందామని పక్కకు చేరాను. ఆయన ఆగి, నన్ను కింది నుంచి మీదికి చూసి నవ్వాడు. "గది దాపట. నా నొప్పి కాలు ఎలపట ఉన్నది. ఇంక తెల్వకపాయె నీకు."

ఈసారి ఇద్దరం ఒకే దిక్కుకు చూస్తున్నాం గనక అద్దం సాకు కూడా లేదు. ఆయన వెనక నుంచి తిరిగి కుడిపక్కకు వచ్చి, చెయ్యి పట్టుకుని నడిచాను.