క్షమించానన్న మాట

తైత్మాస్ నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె అన్న బిహి శవం వాకిట్లో ఉంది. మట్టి చేసే ముందు మా ఊళ్ళో అడిగే మాటే పెద్దలు అడిగారు: "ఈయన మీకేమైనా బాకీ ఉన్నా, ఏమైనా తప్పు చేసున్నా, క్షమించారా?" అందరూ క్షమించామన్నారు. తైత్మాస్ అందరికంటే గట్టిగా, ఏడుస్తూ అంది. చచ్చినవాడి ముందు ఎవరైనా ఇంకేమంటారు?

నలభై రోజులు తిరక్కుండానే ఆ మాట ఆమె మెడకు చుట్టుకుంది.

తైత్మాస్ అంటే మా భాషలో అన్నదమ్ములు గల ఆడపిల్ల అని. ఉన్నది ఒక్క అన్న, ఆ ఒక్కడూ కాసాబ్లాంకాలో కిరాణా కొట్టు పెట్టుకుని ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయేవాడు. ఆయన ఊళ్ళో కొన్న నేల చూసి మేకలు కూడా మొహం తిప్పుకునేవి. ఉత్త రాళ్ళు. మొగుడు వదిలేస్తే పుట్టింటికొచ్చిన తైత్మాస్, వదిన కల్తూమ్ కలిసి ఆ రాళ్ళు ఏరి, గట్లు పేర్చి, కుంకుమపువ్వు దుంపలు నాటారు. ఎండ తగిలితే ఆ పూలు వాడిపోతాయి, పొద్దు పొడవకముందే కోసెయ్యాలి. ముప్పై ఒక్క ఏళ్ళు తైత్మాస్ ఆ తెల్లవారుజాము చలిలో వంగి రెక్కలు ముక్కలు చేసుకుంది. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

మా కొండల్లో దానికొక న్యాయం ఉంది. ఇంటి ఆడది పొలంలో పడ్డ పాటుకు, ఆస్తి పంచకముందే వాటా తీసి పక్కన పెట్టాలి. చెమట వాటా అంటాం. బిహికి కొడుకున్నాడు కనక చెల్లెలికి వారసత్వం రాదు. తైత్మాస్‌కు దిక్కల్లా ఆ చెమట వాటానే. కొడుకు బుజమా పొలం, ఇల్లు అమ్మేసి తల్లిని కాసాబ్లాంకా తీసుకుపోతానంటున్నాడు. అది జరిగితే యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఈమె ఊరివాళ్ళ పొలాల్లో కూలికి పోవాలి.

బుజమా పుదీనా టీ చప్పరిస్తూ ఎంత చల్లగా అన్నాడో!

"అత్తా, నువ్వు క్షమించావు గదా? ఊరంతా విన్నారు."

"తప్పులు క్షమించాన్రా..."

"బాకీ అని కూడా అడిగారుగా. చెమట వాటా బాకీ కాదా మరి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, నీ ముడ్డి కడిగిన చెయ్యిరా అది!" అన్నాను.

"నువ్వుండు ఇజ్జా పిన్నీ, ఇది మా ఇంటి సంగతి."

ఇంటి సంగతట! ఆ ఇంటి గోడకీ మా గోడకీ మధ్య చీమ దూరే సందు లేదు.

శుక్రవారం నమాజయ్యాక పెద్దలు కూర్చుంటామన్నారు. మధ్యలో ఆరు రోజులు. అప్పుడే పూలు విచ్చుకోవడం మొదలైంది. తైత్మాస్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకోకుండానే వదిలేసేది. పూలు కోస్తూ కోస్తూ ఆగిపోయేది.

"ఇజ్జా, నేను గట్టిగా అన్నానా?"

"లేదే, గొణిగావు" అని అబద్ధమాడాను.

"గట్టిగానే అన్నాను. పైవాడు విన్నాడు."

వాటా అడిగితే క్షమాపణ వెనక్కి తీసుకున్నట్టవుతుందేమో, ఆ బాకీ బరువుకు సమాధిలో అన్న నలిగిపోతాడేమో అని ఒక భయం. అడక్కపోతే నిలువనీడ ఉండదని ఇంకో భయం. మా పెద్దలు మాటంటే మాటే అనే రకం.

కల్తూమ్ మాత్రం పెదవి విప్పలేదు. మొగుడు పోయిన తెల్లబట్టల్లో గడప దాటకుండా కూర్చుని పూలల్లోంచి ఎర్ర పోగులు తీసేది. ఆడబిడ్డ మొహం చూసేది కాదు. కొడుకు పక్షమే అయ్యుంటుందని ఆమెను మనసులో తిట్టని తిట్టు లేదు నేను.

శుక్రవారం పెద్దలు వాళ్ళ వాకిట్లోనే చాపలేసుకుని కూర్చున్నారు. ముందు కల్తూమ్ చెమట వాటా తేల్చారు, పొలంలో మూడో వంతు. బుజమా తల ఊపాడు. ఊపడా మరి, తల్లి వాటా తన చేతికేగా వచ్చేది! పెద్దాయన హమ్ము "ఇక తైత్మాస్..." అనగానే బుజమా లేచి నిలబడ్డాడు.

"అత్త నాన్న శవం ముందే క్షమించేసింది తాతా. మీరే సాక్షులు."

"నిజమే. విన్నాను" అన్నాడు హమ్ము.

తైత్మాస్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

"నా మాట కూడా విన్నారా మామా?" గడప లోపలి నుంచి కల్తూమ్ గొంతు. "ఆమె పక్కనే నిలబడి నేనూ క్షమించానన్నాను. ఆమెది పోతే నాదీ పోయినట్టే. ఇద్దరికీ లేదని రాసుకోండి."

"అమ్మా, నువ్వూరుకో!"

"నువ్వూరుకోరా. నువ్వు పుట్టిన రోజు పూలెవరు కోశారనుకున్నావ్? నేను పురిటి మంచమ్మీదుంటే నా పనీ తన పనీ ఒక్కతే చేసింది."

హమ్ము బుజమా వైపు తిరిగాడు. "ఒకే మాటకు రెండు తీర్పులు చెప్పలేను. వీళ్ళు క్షమించింది మనిషిని. ఆయన్ని మట్టిలో పెట్టాం. చెమట వాటా పొలం ఇవ్వాల్సిన బాకీ. దుంపలేం తప్పు చేశాయిరా, వాటిని క్షమించడానికి?"

వాగు పక్కన నాలుగు మడులు తైత్మాస్‌వన్నారు. ఆమె నవ్వలేదు. "అన్నకేం కాదుగా పెదనాన్నా?" అని అడిగింది. "ఏం కాదమ్మా, హాయిగా పడుకుంటాడు" అన్నాక గానీ ఏడవలేదు.

మర్నాడు తెల్లవారుజామున బుట్టలు పట్టుకుని వెళ్ళాం. తైత్మాస్ వాగు పక్క మడిలో మొదటి పువ్వు దగ్గర గొంతుక్కూర్చుంది. చెయ్యి చాపి, ఆపేసి, వెనక్కి తిరిగి ఇంటివైపు చూసింది.

"ఇజ్జా, కొయ్యనా?"

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఏ సీజనులోనూ ఇంట్లో వాళ్ళనడక్కుండా మొదటి పువ్వు కోయలేదని అప్పుడు తట్టింది నాకు.

"నీదేనే పిచ్చిదానా, కొయ్యి" అన్నాను.