డెలియా నోరు

డెలియా మెకార్డిల్ దృష్టిలో లోకంలో గుడ్డివాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే.

మా బెల్‌ఫోర్డ్ బేస్‌బాల్ మైదానంలో, బ్యాటు పట్టినవాడి వెనక వంగి నిలబడి తీర్పు చెప్పే అంపైర్ని నేను. నా వెనక, కంచె అవతల మొదటి వరసలో, డెలియా. బేకరీ నడిపే పెద్దావిడ. మనిషి చూస్తే పిడికెడు, గొంతు చూస్తే ఊరంత.

"ఏమయ్యా వాల్టరూ, ఆ కళ్లు అద్దెకు తెచ్చుకున్నావా? సాయంత్రం మీ ఇంటికే పోతున్నావా, పక్కింటికా?" అనేది. ఒకసారి బుట్టెడు క్యారెట్లు తెచ్చి ఒక్కొక్కటే నా మీదకు విసిరింది, కళ్లకు మంచివట. మా ఆవిడ వాటితో సూప్ కాచింది.

వినగా వినగా నాకే అనుమానం పట్టుకుంది. చాటుగా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. ఆయనకు సరిగా కనబడుతోందా అని ఇంకో అనుమానం.

1953 ఆగస్టులో నది అవతలి కార్వర్ జట్టు వచ్చింది. వాళ్లకూ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆటకు ముందు మా మేనేజర్ క్లెమ్ నా చెవిలో అన్నాడు: "ఇవాళ ఆ రూడీగాడి వల్ల ఓడామంటే, ఆట అవగానే బస్సెక్కించి వాడి సొంతూరు పంపేస్తా."

రూడీ సావిచ్‌కి పంతొమ్మిదేళ్లు. పరుగు తీసేవాళ్లు తాకుతూ పోవలసిన బేసుల్లో రెండోదాని దగ్గర ఆడతాడు. ఈమధ్య చేతికొచ్చిన బంతుల్ని వదిలేస్తున్నాడు.

చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. కార్వర్ వాళ్లలో ఇంకొక్కడు అవుటైతే గెలుపు మాదే. బంతి నేలమీద బద్ధకంగా దొర్లుతూ రూడీ దగ్గరికొచ్చి, వాడి కాళ్ల సందులోంచి పోయింది. స్కోరు సమమైంది. పైగా ఇంకొకడు మూడో బేస్ చేరి గెలుపు పరుగు కోసం కాచుకున్నాడు.

"ఇంటికి పోరా!" "వెళ్లి బాతులు కాసుకో!" అని జనం లేచారు. రూడీ మొహంలో నెత్తురు చుక్క లేదు. అది నాక్కూడా కనబడింది.

తరవాత మావాడు విసిరిన బంతి జానెడు పక్కకు పోయింది. చెల్లదన్నాను. పసిపిల్లలైనా అదే అంటారు.

డెలియా బెంచీ ఎక్కేసింది. "అది చెల్లదా? చూడండర్రా! ఈ గుడ్డాయన మనల్ని కార్వర్ వాళ్లకు అమ్మేశాడు!"

ఊరు ఊరంతా నా మీద పడింది. వేరుశనగ తొక్కలు, కూర్చునే దిండ్లు, ఎవరిదో టోపీ. అవన్నీ ఏరించేదాకా ఆట ఆగింది. రూడీని ఒక్కరూ చూడటం లేదు. వాడు కాస్త మట్టి తీసి అరచేతులకు రుద్దుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మళ్లీ ఇందాకటిలా నేలమీద దొర్లే బంతే, వాడి వైపే. ఈసారి వంగి పట్టుకుని మొదటి బేస్‌కు విసిరాడు. అవుట్! నా ప్రాణం కుదుటపడింది. అంపైర్లకు అలా పడకూడదనుకోండి. ఆనక బ్యాటు పట్టే వంతు రాగానే మావాళ్లు ఒక పరుగు తీసి గెలిచారు.

"రేపు పెందలాడే రా, కాళ్లు దగ్గర పెట్టుకోవడం నేర్పిస్తా," అన్నాడు క్లెమ్ రూడీతో.

గేటు దగ్గర డెలియాని ఆపాను. "అమ్మా, నిజం చెప్పు. ఆ బంతి..."

"జానెడు పక్కకు పోయింది. నాకు కళ్లు లేవా?"

"మరి ఆ తిట్లు?"

"ఆ పిల్లాడు ఇంకాసేపుంటే ఏడ్చేసేవాడయ్యా. నీకైతే అలవాటేగా!"

"అంటే, ఇన్నేళ్లూ..."

"ఎప్పుడూ ఎవడో ఒకడు బంతి వదిలేస్తాడుగా. నీ కళ్లకేం, గద్ద కళ్లు!"

గుండెల మీంచి బరువు దిగిపోయింది. కోపం రావలసింది, నవ్వొచ్చింది.

మర్నాటి ఆటలో మా మూడో బేస్ వాడు బంతి జారవిడిచాడు. జనంలో గొణుగుడు మొదలైంది. నేను మొహం మీది ఇనుప తొడుగు తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని డెలియా వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే బెంచీ ఎక్కుతోంది.