దయ్యానికి మాత్రమే పనికొచ్చిన గొంతు

మొన్న కామారెడ్డిలో పాత పరుపు విప్పించి దూది ఏకించుకుందామని ఒక దుకాణం ముందు నిలబడ్డాను. లోపల మిషన్ తిరుగుతోంది. వేడెక్కిన దూది వాసన, దాంతోపాటు గాలిలో తేలే సన్నటి నూగు ముక్కులోకి పోయి తుమ్ము వచ్చింది. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందేమో జరిగి నిలబడమన్నాడు దుకాణదారు. సరే అని జరిగాను. ఆ వాసనతో నాలో ఒక మనిషి గొంతు ముడిపడి ఉందని ఆయనకేం తెలుసు? ఆ గొంతుకు జరిగిన అవమానం తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన పేరు నర్సింలు. సొంతూరు యెల్లారెడ్డి. కామారెడ్డి బస్టాండులో కంట్రోలర్‌గా ముప్పై ఏళ్లు మైకులో బస్సుల పేర్లు చెప్పి రిటైరయ్యారు. మా వైపు ఆయన ముఖం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. మాది రామారెడ్డి. కాలేజీ రోజుల్లో రోజూ ఆ గొంతు విని బస్సెక్కినదాన్నే. 2010లో నేను కామారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ పని చేస్తున్నప్పుడు, పింఛను కాగితమేదో టైపు చేయించుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చి, "లైన్ల నిలవడాల్నా బిడ్డా, కూసోవాల్నా?" అని అడిగారు. గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి తలలెత్తారు.

"మీరు మైకుల మాట్లాడే సార్ గదా?" అన్నాను.

"మాట్లాడేటోన్ని. ఇప్పుడు ఇంట్ల గూడ ఎవ్వరు ఇంటలేరు" అని నవ్వారు.

అప్పటికి కొన్ని నెలల ముందే నేను ఇంటర్నెట్‌లో పరిచయమైన ఒక బృందంలో చేరాను. రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే ఆ కథ అందరిదీ అవుతుంది. అలాంటి పాత కథలను ఎవరికి వారు తమ ఇంట్లో చదివి రికార్డు చేస్తే, బృందం వాటిని సరిచూసి, ఎవరైనా ఉచితంగా వినేలా పెడుతుంది. జీతాలు లేవు, ఇష్టం ఉన్నవాళ్ల పని. ఆ ఏడాది దయ్యాల కథలు చేద్దామనుకున్నారు. పాత పత్రికల్లోని కథల పేజీలు నాకూ పంపారు. వాటిని నర్సింలు సార్ చేత చదివిస్తే ఎట్లా ఉంటుందని ఆ క్షణంలోనే అనిపించింది. అడిగాను. ఆయన పేజీలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఇది ఎవరు ఇంటరు?" అన్నారు. చదవడం రానివాళ్లు, చూపు లేనివాళ్లు, చేతులకు తీరిక లేనివాళ్లు అని చెప్పాను.

"మైకున్నదే బోర్డు సదువరానోళ్ల కోసం గదా. సరే, సదువుత" అన్నారు.

అట్లా ప్రతి ఆదివారం నేను యెల్లారెడ్డి బస్సెక్కడం మొదలైంది. ఆయన బామ్మర్దికి అక్కడ పరుపుల దుకాణం ఉండేది. నాలుగు వైపులా పరుపులు, దూది బస్తాలు పేర్చిన వెనక గదిలో మాట గోడలకు తగిలి తిరిగి రాదు. కానీ కరెంటుంటే దూది మిషన్ మోత, పక్కన పిండి గిర్ని మోత. అందుకని మధ్యాహ్నం కరెంటు పోయేదాకా కూర్చునేవాళ్లం. ఊరంతా తిట్టుకునే కరెంటు కోత కోసం ఆశగా ఎదురుచూసింది మేమిద్దరమే అయి ఉంటాం. ఫ్యాన్ ఆగగానే ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని. ఆయన తువ్వాలతో చెమట తుడుచుకుని గొంతు సవరించుకునేవారు.

మొదటి రోజు ముందుగా నేనే చదివి చూపించాను. దయ్యం కథ కదా అని గొంతు వణికించాను, చివరి మాటలు సాగదీశాను. ఆయన ఓపికగా విన్నారు.

"ఎందుకు బెదిరిస్తున్నవ్ బిడ్డా? నేను బస్సు వస్తున్నదని చెప్పెటప్పుడు బస్సు లెక్క మొత్తుకున్ననా? దయ్యం నేను దయ్యాన్ని అనుకోదు. దానికేదో చెప్పుకునేది ఉంటది. అది చెప్పు, చాలు" అన్నారు.

ఆయన చదివిన మొదటి కథలో ఒక ముసలమ్మ ఏటి రేవు దగ్గర చేతిలో ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంటుంది. దారినపోయే ప్రతివాళ్లనూ అది చదివి పెట్టమంటుంది. ఆమె ఎప్పుడో చనిపోయిందని తెలిసినవాళ్లు పారిపోతుంటారు. చివరికి ఒకాయన ఆగి ఉత్తరం చదువుతాడు. అంతే కథ. నర్సింలు సార్ ఆ ముసలమ్మ మాటలను ఏ ఆర్భాటమూ లేకుండా, బస్సు ఎన్నింటికో అడిగే మనిషిలాగా చదివారు. సాయంత్రం వాళ్లింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆ రికార్డింగు వినిపించాం. ఆయన భార్య గంగమణి పెద్దమ్మ కూడా వాళ్లతోపాటే చుట్టేది. కథ అయిపోయాక ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడు మళ్లీ మొదలైంది. తర్వాత ఒకామె, "పాపం, ముందుగాల్నే ఎవరన్న సదివి పెడితే అయిపోతుండె గదా" అంది.

ఆ ఫైలు హైదరాబాదులో ఉండే మా బృందం నిర్వాహకుడికి పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. గొంతు అద్భుతంగా ఉందట. కానీ కథనంలో ప్రాంతీయ యాస వినిపిస్తోందట. శ్రోతలకు ఇబ్బందట. కథంతా మరొకరి చేత చదివించి, ముసలమ్మ దయ్యం మాటలు మాత్రం ఈయనవి ఉంచితే చాలా సహజంగా ఉంటుందట.

నేను అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. ఆ జవాబు ఆయనకు చూపించలేదు. ఫైలు పాడైందని అబద్ధం చెప్పి, ఈసారి రేడియోలో వార్తలు చదివినట్టు చదవమన్నాను. ఆయన నా మాట నమ్మి, ఒక్కో పదాన్ని ఇస్త్రీ చేసినట్టు చదివారు. రెండు ఆదివారాలు కష్టపడ్డారు. అరుగు మీద వినిపిస్తే గంగమణి పెద్దమ్మ తల కూడా ఎత్తకుండా, "ఇదెవరు? ఎవరో పరాయోడు సదివినట్టున్నది" అంది. నర్సింలు సార్ నా వైపు చూశారు.

"ఏందో దాస్తున్నవ్. చెప్పు."

చెప్పాను. నిర్వాహకుడికి ఫోన్ కలపమన్నారు. స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"సార్, కథల రాసిన ఒక్క అచ్చరమన్న నేను మార్చిన్నా?" అని అడిగారు.

"లేదండి, అక్షరం కూడా మార్చలేదు. కాకపోతే పలికే తీరు... వినేవాళ్లకు అలవాటుండదు కదండీ" అన్నాడు నిర్వాహకుడు.

"ఇనిపియ్యకుంటే అలవాటు ఎట్లయితది?"

"అది నిజమే అనుకోండి. కానీ దయ్యం పాత్రకు మీ గొంతు భలే సరిపోయిందండి. అది మాత్రం మీరే చెప్పాలి."

"అంటే మనుషులకు మీ మాట, దయ్యాలకు మా మాటనా సార్?"

అటువైపు నుంచి ఒక నవ్వు వినిపించింది, ఇబ్బందిగా. "వద్దు సార్. నాది మొత్తం ఉంచుండ్రి, లేకపోతే మొత్తం తీసెయ్యుండ్రి" అని చెప్పి నర్సింలు సార్ ఫోన్ నాకిచ్చేశారు. గొంతు పెంచలేదు. ఎదురుగా బీడీలు చుట్టేవాళ్లు కూడా చేతులాపి విన్నారు.

వాళ్లు తీసెయ్యలేదు. రెండు నెలల తర్వాత ఆ కథ బయటికొచ్చింది. కథనం ఎవరిదో మెత్తటి గొంతు. ముసలమ్మ మాటలు మాత్రం నర్సింలు సార్‌వి. మేం పంపిన ఫైలులోంచి కత్తిరించి అతికించారు. చదివినవారి పేరు పెద్దగా ఉంది. దాని కింద, ‘దయ్యం: ఒక స్థానిక గొంతు’ అని ఉంది. కింద ఎవరో దయ్యం యాస అదిరిందని, కడుపుబ్బ నవ్వుకున్నామని రాశారు. ఉత్తరం చదివి పెట్టమని బతిమాలుకునే ముసలిదాని మాట విని నవ్వారు. వాళ్లు చదివితే మనుషుల మాటైనట్టూ, మా నోటి నుంచి వస్తే అదే తెలుగు వేళాకోళమైనట్టూ. నేను ఆ రోజు నిర్వాహకుడికి రాసిన ఉత్తరం ఇక్కడ రాయలేను. జవాబు మాత్రం ఒక్క వాక్యం వచ్చింది: మీరు ఉచితంగా ఇచ్చినదే కదా, వాడుకునే హక్కు అందరికీ ఉంటుంది.

కథ అందరిదైంది, గొంతూ అందరిదైంది. పేరు మాత్రం ఆయనది కాకుండా పోయింది.

బృందంలోంచి బయటికొచ్చేస్తానని నర్సింలు సార్‌తో అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నువ్వు పోతే వాళ్లకేమైతది? ఇంక ఎన్ని కథలున్నయి?" అని అడిగారు. పదమూడు ఉన్నాయన్నాను. "అయితే కూసో. నాకు వచ్చినట్టు సదువుత" అన్నారు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ మొత్తం పూర్తి చేశారు. నేను వాటిని మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇచ్చేదాన్ని. అవి ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పోతుంటే, రామారెడ్డిలో, మాచారెడ్డిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు వాటిని వింటూ పని చేసుకునేవాళ్లు. ప్రతి కథ మొదట్లో ఆయనే చెప్పేవారు: "సదివినోడు యెల్లారెడ్డి నర్సింలు." అంతవరకు తన పేరు మైకులో ఎన్నడూ చెప్పుకోని మనిషి ఆయన.

2014 చలికాలం పోతుండగా, ఒక పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత నెల తిరగకముందే నిర్వాహకుడి నుంచి నాకు సందేశం వచ్చింది. ఇప్పుడు మీ యాసకు మంచి ఆదరణ ఉంది, నర్సింలు గారి రికార్డింగులన్నీ పంపగలరా అని. ఆయన లేరన్న సంగతి కూడా తెలియదు. క్షమించమన్న మాట లేదు. ఆ సందేశం పట్టుకుని యెల్లారెడ్డికి పోయి గంగమణి పెద్దమ్మకు చదివి వినిపించాను. పంపేది లేదన్నాను.

ఆమె చేతిలోని ఆకును కత్తిరించి చాటలో వేసింది. "సచ్చినోని గొంతు పెట్టెల వెట్టుకొని ఏం జేస్తం బిడ్డా? పంపు. పేరు ముందుగాల ఉండాలె. ఒక్క మాట కోసినా ఊకోనని రాయి."

అట్లాగే రాశాను. అట్లాగే పెట్టారు. పద్నాలుగు కథలూ ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. వాటికి మెచ్చుకోళ్లు వచ్చినప్పుడల్లా సంతోషం కంటే ముందు నాకు కోపమే వస్తుంది. గొంతు మారలేదు, చదివిన తీరు మారలేదు. ఆ మనిషి బతికుండగా ఆ మెప్పు మాట అనడానికి వీళ్ల నోళ్లకేమొచ్చింది? ఆయన తన కోపాన్ని పదమూడు కథలు చదివి కరిగించుకున్నారు. నాకది చేతకాలేదు. చేతకావాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఇప్పుడు ఆ బృందంలోనే కొత్తగా చదివేవాళ్ల రికార్డింగులు విని సరిచూసే పని నాది. ఇంకెవరి గొంతూ కత్తిరించకుండా చూడ్డానికే అక్కడ ఉండిపోయాను. పోయిన నెల ఒక అంగన్‌వాడీ టీచరమ్మ తన మొదటి కథ పంపింది. బాగా చదివింది. ఫైలుతోపాటు ఒక చిన్న చీటీ రాసింది: "మేడం, మా మాట మోటుగ ఉంటది, తప్పుగ అనుకోవద్దు. మళ్ల సదువుమంటే సదువుత." ఇంకా ఎవరూ ఏమీ అనకముందే, నోరు తెరిచినందుకే క్షమించమని అడిగింది. వెంటనే ఫోన్ చేశాను.

"మూడో పేజీల ఒక వాక్యం వదిలిపెట్టినవ్ అక్కా. అదొక్కటి సదివి పంపు" అన్నాను.

"మరి మిగిలింది మేడం?"

"మిగిలింది నీదే, అట్లనే ఉంటది. ఎవరన్న ఏమన్న అంటే నాకు చెప్పు."