ఒక్క పేరా రాసిస్తే చాలన్నారు

మర్యాద తప్పకుండా మనిషిని ఎలా అవమానించవచ్చో నేను సిడ్నీ వచ్చాకే చూశాను. గొంతు పెంచరు, నవ్వు చెరగనివ్వరు, మధ్యమధ్యలో మీరంటే మాకెంతో గౌరవం అంటూనే ఉంటారు. ఆ అవమానం జరిగింది నాకు కాదు, మా పక్కింటావిడకి. ఆవిడ కోప్పడలేదు. ఆవిడ పడని కోపం కూడా నేనే పడ్డాను, ఇంకా పడుతూనే ఉన్నాను.

మేం సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో ఇల్లు కొనుక్కుని దిగిన వారంలోనే ఆవిడ మా తలుపు తట్టింది. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి. పొట్టిగా, నిటారుగా, చేతిలో యాపిల్ కేకుతో నిలబడింది.

"నేను పక్కింట్లో ఉంటాను. రోజూ పొద్దున్న పూట పియానో వాయిస్తాను. మీకు ఇబ్బందిగా ఉంటే వచ్చి చెప్పండి," అంది.

పర్లేదండీ అనబోయాను. ఆవిడ ఆగలేదు. "చెప్పినా మానను. కానీ మీకోసం బాధపడతాను," అని కేకు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ఆఫీసు కాల్స్ మధ్య ఆవిడ వాయింపు రేకుల కంచె దాటి వినిపించేది. మొదట్లో పాట అంటూ ఏమీ ఉండేది కాదు. అవే రెండు వరసలు, నెమ్మదిగా, మళ్ళీ, ఇంకొంచెం నెమ్మదిగా, మళ్ళీ. ఎడమచేతిది విడిగా, కుడిచేతిది విడిగా. కొన్ని వారాలకి ఒక రోజు ఆ ముక్కలన్నీ కలిసి ఒక్కసారిగా లేచాయి. నేను మీటింగులో నా వంతు వచ్చిన సంగతి కూడా మర్చిపోయి కూర్చున్నాను. చిన్నప్పుడు గుంటూరులో మూడేళ్ళు సంగీతం నేర్చుకుని, పదో తరగతి వచ్చిందని మానేసిన దాన్ని. పాశ్చాత్య సంగీతం నాకేమీ తెలియదు. అయినా అది మామూలు వాయింపు కాదని తెలిసింది.

మా అమ్మాయిని ఆవిడ దగ్గర చేర్చాను. మొదటి రోజు పాఠమయ్యాక ఆవిడ నాతో, "వేళ్ళు బావున్నాయి. చెవులు ఇంకా బావున్నాయి. ఓపిక లేదు. అది నేను నేర్పుతాను," అంది. మా అమ్మాయి లోపల స్కేల్స్ వాయించుకుంటుంటే మేమిద్దరం వంటింట్లో టీ తాగేవాళ్ళం. ఆవిడ కథ నాకు అలా కొంచెం కొంచెంగా తెలిసింది.

రష్యాలో వోల్గా నది ఒడ్డున ఒక ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టింది. వాళ్ళమ్మది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్. నాలుగు కుటుంబాలు కాపురముండే ఇంట్లో వీళ్ళది ఒక గది. ఆ గదిలో సగం పియానోయే. పక్కగదివాళ్ళు గోడ కొడితే వాళ్ళమ్మ పియానో తీగల మీద దుప్పటి కప్పేదట. మాస్కో సంగీత కళాశాలలో చదివి, దేశమంతా పోటీ పడే పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. పోస్టర్ల మీద పేరు వచ్చింది. యూరప్‌లో కచేరీలు ఖాయమయ్యాయి. సరిగ్గా అప్పుడే, ఓడలో ఇంజనీరుగా పనిచేసే వాళ్ళన్న ఏదో పరాయి రేవులో దిగి, తిరిగి ఓడెక్కలేదు.

సోవియట్ అధికారులు ఆవిడని పిలిపించారు. మా అన్న ద్రోహి, అతనితో నాకు సంబంధం లేదు అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. యూరప్ ప్రయాణం పోయింది. పెద్ద హాళ్ళూ పోయాయి. ఆ తర్వాత పదేళ్ళకు పైగా గని కార్మికుల క్లబ్బుల్లో, రైల్వే కాలనీల్లో వాయించింది. ఒక ఊళ్ళో పియానోకి మధ్యలో వేళ్ళతో నొక్కే మెట్లు కొన్ని అసలు పలకలేదట. ఆ స్వరాలని పై స్థాయికి మార్చుకుంటూ కచేరీ పూర్తి చేసిందట.

"ఎవరూ కనిపెట్టలేదా?" అన్నాను.

"ముందు వరసలో ఒక ముసలాయన కనిపెట్టాడు. కచేరీ అయ్యాక వచ్చి నా చేతులు పట్టుకున్నాడు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దేశం ముక్కలయ్యాక భర్త ఉద్యోగం మీద ఇక్కడికొచ్చారు. ఇక్కడ ఆవిడ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. చిన్నపిల్లల బ్యాలే బడిలో పక్కవాద్యం పని దొరికింది. గులాబీ రంగు గౌన్ల పిల్లలు కాళ్ళెత్తి దించుతుంటే ఇరవై ఏళ్ళు అవే చిన్న ముక్కలు వాయించింది. ఒక టర్మ్ మొదట్లో బడికి వెళ్ళేసరికి పియానో మీద స్పీకరు పెట్టి ఉంది. ఇక నుంచి ఫోన్‌లో పాటలు పెట్టుకుంటామని ముందుగా ఒక మాట చెప్పాలని కూడా వాళ్ళకి తోచలేదు. ఆ తర్వాత భర్త పోయాడు. ఆవిడ ఇంట్లోనే పిల్లలకి నేర్పుతూ ఉండిపోయింది.

అలాంటి మనిషికి మా ప్రాంతంలోని ఒక సంగీత బృందం నుంచి పిలుపొచ్చింది. రిటైరైనవాళ్ళు సరదాగా నడుపుకునే బృందం అది. వాళ్ళ హాల్లో ఎవరో దానమిచ్చిన గొప్ప పియానో ఉంది. శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తి కచేరీ, ఆవిడ ఒక్కతే. ఈ దేశానికి వచ్చాక మొదటిది. ఆ ఎండాకాలమంతా ఆవిడ కిటికీలు మూసుకుని, ఫ్యాను పెట్టుకుని సాధన చేసింది. మా అమ్మాయి పేజీలు తిప్పాలని కూడా అనుకున్నారు.

ఫిబ్రవరి చివర, ఇక్కడి ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది.

రెండు రోజులు పక్కింట్లోంచి చప్పుడు లేదు. ఉండబట్టలేక వెళ్ళాను. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మా పిన్ని కూతురు ఖార్కివ్‌లో నేలమాళిగలో ఉంది. మా అమ్మ ఊరి మీద మావాళ్ళే బాంబులేస్తున్నారు," అంది. మర్నాడు మళ్ళీ సాధన వినిపించింది.

కొన్ని వారాలకి సంగీత బృందం అధ్యక్షుడు ఆవిడ ఇంటికొచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, మృదువుగా మాట్లాడతాడు. నేను అమ్మాయి కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. నన్ను ఉండమని ఆవిడే సైగ చేసింది.

"కచేరీకి ముందు చదవడానికి మీరు ఒక్క పేరా రాసిస్తే చాలు. యుద్ధాన్ని ఖండిస్తున్నానని. మీ సొంత మాటల్లోనే," అన్నాడాయన.

"ఎవరు అడిగారు?"

"ఇంకా ఎవరూ అడగలేదు. ఎవరైనా బాధపడవచ్చని ముందుజాగ్రత్త."

"నాకు ఇక్కడ పౌరసత్వం ఇచ్చినప్పుడు ప్రమాణం చేయించారు. అది ఇప్పుడు చెల్లదా?"

"అయ్యో, అలా తీసుకోకండి. మీరంటే మాకెంతో గౌరవం."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. "అక్కడ మా అన్న వెళ్ళిపోయినందుకు నన్ను సంతకం పెట్టమన్నారు. ఇక్కడ, మిగతావాళ్ళు అక్కడే ఉండిపోయినందుకు రాయమంటున్నారు. యుద్ధం గురించి నేనేమనుకుంటున్నానో టీ తాగుతూ అడగండి, చెబుతాను. కచేరీ చేయనివ్వడానికి అడిగితే చెప్పను."

నేను ఆగలేకపోయాను. "వాళ్ళమ్మగారిది ఉక్రెయినే! ఆ సంగతి మీకు తెలుసా?" అని అరిచినంత పని చేశాను.

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ ముఖం అంత కఠినంగా నేనెప్పుడూ చూడలేదు. "మా అమ్మని టికెట్టు చేయొద్దు," అంది.

రెండు రోజుల్లో ఈమెయిల్ వచ్చింది. కచేరీ రద్దు అన్న మాట అందులో లేదు. ప్రస్తుతానికి విరామం ఇస్తున్నామని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారాంతం మా ఇంట్లో బార్బెక్యూకి వచ్చిన, కొడుకుని ఆవిడ దగ్గరే పియానోకి పంపే స్నేహితురాలు వేరే కబురు మోసుకొచ్చింది. "నువ్వు ఫీల్ అవ్వకే. ఆవిడ రష్యన్ కదా, మావాణ్ణి వేరే టీచర్‌కి షిఫ్ట్ చేద్దామనుకుంటున్నా. రేపు స్కూల్లో ఎవరన్నా ఏమన్నా అంటే?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదనుకో. జస్ట్ ఇన్ కేస్."

"మనల్ని చూసి ఎవరన్నా జస్ట్ ఇన్ కేస్ అంటే ఊరుకుంటామా? ఇంటర్వ్యూల్లో మన పేర్లు చూసి పక్కన పెట్టేసినప్పుడు నువ్వే కదే ఏడ్చింది!"

మా ఆయన పటకారు పట్టుకుని మధ్యలోకొచ్చాడు. "అబ్బా, వదిలెయ్యవే. లోకల్ పాలిటిక్స్‌లో మనమెందుకు వేలు పెట్టడం? ఆవిడే సైలెంట్‌గా ఉంది కదా."

"ఆవిడ సైలెంట్‌గా ఉందనే నేను మాట్లాడుతున్నా," అన్నాను.

మా అమ్మాయి సాసేజ్ కొరుకుతూ, "షీ ఈజ్ నాట్ యాంగ్రీ, అమ్మా. షీ ఈజ్ జస్ట్ టైర్డ్," అంది. పిల్లకి అర్థమైనది ఈ పెద్దలకి అర్థం కాలేదు.

ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఖార్కివ్ నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఒక సాయంత్రం గేటు దగ్గర ఆ పిల్ల తల్లి కనబడితే సంగతి చెప్పాను. బాధపడతారని బృందం వాళ్ళు చెబుతున్నది నీలాంటి వాళ్ళ గురించే అన్నాను. ఆమె తెల్లబోయింది. "నన్నెవరూ అడగలేదు. రష్యాలో ఉన్నవాళ్ళ మీద నాకు కోపం ఉంది, అది పోదు. కానీ మా పాపకి ఇల్లు పోయింది, బడి పోయింది. టీచరు కూడా పోవాలా?" అంది.

సభ్యత్వం కట్టి, బృందం మీటింగుకి వెళ్ళాను. నా మాట వినమన్నాను, విన్నారు. అదే వచ్చిన చిక్కు. తలలూపుతూ, కళ్ళలోకి చూస్తూ, చివరిదాకా విన్నారు. ఒక పెద్దావిడ నా భుజం తట్టి, నీ భావాలు పంచుకున్నందుకు థాంక్స్ అంది. ఆ తర్వాత టీ బిస్కెట్ల సంగతి ఎత్తుకున్నారు. ఒక్కరైనా నాతో పోట్లాడి ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడ వాయించాల్సిన ఆదివారానికి వేరే వాళ్ళని పిలిచారు. నేను పనిగట్టుకుని వెళ్ళాను. చేతికిచ్చిన కాగితంలో మొదటి అంశమే, పోయి నూరేళ్ళు దాటిన ఒక రష్యన్ స్వరకర్తది. విరామంలో అధ్యక్షుడి దగ్గరికి నేరుగా వెళ్ళాను.

"ఈయన చేత పేరా రాయించుకున్నారా?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అది వేరు కదా. ఆయన చనిపోయారు."

"అంటే బతికి ఉండటమేనా ఆవిడ చేసిన తప్పు?"

"మీ అభిమానం నాకు అర్థమైంది," అన్నాడు. రెండో సగం వినకుండా వచ్చేశాను.

ఆవిడతో చెబితే, నన్ను మెచ్చుకోలేదు. వాళ్ళు ఆ ముక్క ఎలా వాయించారని అడిగింది. మరీ వేగంగా వాయించి ఉంటారని తనే అనుకుంది. ఎండాకాలమంతా సాధన చేసినదాన్ని మా ఇంట్లో పది మందిని కూర్చోబెట్టి వాయించమన్నాను. వద్దంది. మర్నాటి నుంచి వేరే రచన మొదలుపెట్టింది, మళ్ళీ ఆ రెండేసి వరసలతో.

ఏడాదిన్నర గడిచాక వాళ్ళు మళ్ళీ పిలిచారు. మొదటి పిలుపు సంగతి గానీ, పేరా సంగతి గానీ ఎక్కడా ఎత్తలేదు. వార్తల్లో యుద్ధం వెనక పేజీలకి పోయింది, వీళ్ళ ముందుజాగ్రత్తా పోయింది. యుద్ధం మాత్రం పోలేదు. ఆవిడ ఒప్పుకుంది.

"ఎలా ఒప్పుకున్నారు? వాళ్ళు కనీసం సారీ చెప్పలేదు!"

"ఆ హాల్లో పియానో మంచిది. నా వేళ్ళు ఇంకెన్నాళ్ళు మాట వింటాయో తెలియదు. వాళ్ళ సారీ కోసం కూర్చుంటే నష్టం ఎవరికి?"

నా కోపం మాత్రం తగ్గలేదు.

కచేరీ రోజు హాలు నిండింది. అధ్యక్షుడు వేదికెక్కి, ఆవిడ మన ప్రాంతానికి దక్కిన నిధి అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ నిధిని ఎక్కడ దాచారని లేచి అడగబోయాను. మా ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. అప్పటికే ఆవిడ నల్లటి గౌనులో నడుచుకుంటూ వస్తోంది. మా అమ్మాయి వెనకాలే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

ఆవిడ వాయించింది. ఇంట్లో గోడల చాటునుంచి విన్నదానికీ దీనికీ పోలికే లేదు. మొదట ఒక్కొక్క స్వరం ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు వచ్చింది. తర్వాత ఎడమచేయి కిందనుంచి ముంచుకొచ్చింది. నా కింద చెక్క కుర్చీ వణకడం తెలిసింది. ఇంత చేయగల మనిషిని పలకని మెట్ల పియానోల దగ్గరికి ఒక దేశం తోలింది. గులాబీ గౌన్ల పిల్లల ముందు ఇంకో దేశం కూర్చోబెట్టింది. వింటున్నంతసేపూ నా కళ్ళు తడిగానే ఉన్నాయి. అది సంతోషం కాదు.

అయిపోయాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నా భుజం తట్టిన పెద్దావిడ కూడా లేచింది. ఆమే అందరికంటే గట్టిగా కొట్టింది.

టీ దగ్గర అధ్యక్షుడు చేతిలో లామింగ్టన్ కేకు ముక్కతో నా దగ్గరికొచ్చి, "అద్భుతం కదూ!" అన్నాడు.

"అద్భుతమే. అప్పుడూ ఇంతే అద్భుతంగా వాయించేది. ఆవిడకి సారీ చెప్పారా?"

"అదంతా అయిపోయిన సంగతి కదా."

"మీకు అయిపోయింది," అన్నాను. నా గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన ముఖంలో నవ్వు మొదటిసారి చెదిరింది. కేకు బల్ల మీద పెట్టి, ఆవిడ నిలబడిన వైపు వెళ్ళాడు. తల వంచి ఏదో చెప్పాడు. ఆవిడ తలూపి, వేలు చూపిస్తూ ఆయనకే ఇంకేదో చాలాసేపు చెప్పింది.

కారులో అడిగాను, సారీ చెప్పాడా అని.

"ఏదో అన్నాడు. నేను సరిగ్గా వినలేదు. పియానోలో పై స్థాయి శ్రుతి కాస్త దిగింది, వెంటనే మనిషిని పిలిపించి సరిచేయించమని చెప్పాను," అంది. వెనక సీట్లో మా అమ్మాయితో, మూడో పేజీ తొందరపడి తిప్పావని మొదలుపెట్టింది.

వాళ్ళిద్దరూ దాని గురించే మాట్లాడుకుంటూ వచ్చారు. నేను మాత్రం ఇల్లు చేరేదాకా, ఆవిడ వినిపించుకోని ఆ సారీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.