నిద్రపోయానని చెప్పిన సినిమా

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. నవ్వుతూ చెప్పినది. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు, కానీ దాని బరువు ఏటికేడు పెరుగుతూనే ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవారికి వ్యాసరచన బోధిస్తాను. మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి. ప్రతి బ్యాచ్‌కూ ఒక వ్యాసం తప్పక చెబుతాను: నేటి సినీ పరిశ్రమను సాంకేతికత, యాజమాన్యం, ప్రేక్షకులు ఎలా మలుస్తున్నారు? మొదటి రెండు భాగాలూ ధారాళంగా సాగుతాయి. థియేటర్లు కొద్దిమంది చేతుల్లో లీజుకు ఉండటం, ఫోన్‌లో తిరిగే ముక్క వీడియోలే సినిమా తలరాతను నిర్ణయించడం, ఇవన్నీ తడుముకోకుండా చెబుతాను. ప్రేక్షకుల భాగానికి వచ్చేసరికి మంచినీళ్ల సీసా అందుకుంటాను. ప్రేక్షకుడు ఏం చేయగలడో నాకు తెలుసు. నేను చేశాను.

అప్పుడు నేనూ హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నవాణ్ణే. ఒక శుక్రవారం, గదిలో నాతో ఉండే ఇద్దరు మిత్రులతో కలిసి క్రాస్ రోడ్స్‌లోని ఒక థియేటర్‌కు ఉదయం ఆటకు వెళ్లాను. పెద్ద నటులెవరూ లేని సినిమా. దానికి ఆ థియేటర్‌లో రోజుకు ఆ ఒక్క ఆటే ఇచ్చారు. హాలు సగం కూడా నిండలేదు.

మొదటి సగంలో ఒక దృశ్యం వచ్చింది. ఫంక్షన్ హాలు వెనక ఒక తల్లి పెళ్లివంట గిన్నెలు తోముతుంటుంది. పని అయ్యాక కొడుకుతో ఇంటికి నడుస్తూ దారిలో ఆగి, కొంగున ముడి వేసుకున్న లడ్డూను తీయబోతుంది. రోజంతా నీళ్లలో నాని ఉబ్బిన వేళ్లకు ఆ ముడి ఊడిరాదు. కెమెరా కదలదు. ఆమె విప్పుతూనే ఉంటుంది. చివరకు లడ్డూ బయటపడుతుంది. మొత్తం కొడుకు చేతిలో పెట్టి, "నేను ఆడనే తిన్న, నువ్వు తిను" అంటుంది.

మా అమ్మ అదే పని చేసేది. అదే మాట అనేది. తెర మీద ఆ వేళ్లను చూస్తూ, ఆమె అక్కడ ఎన్నడూ తినలేదన్న సంగతి నాకు ఆ వయసులో మొదటిసారి అర్థమైంది. చీకట్లో నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వెనక వరుసలో ఎవరో "జల్ది విప్పమ్మా, ఇంటర్వెల్ అయితాంది!" అని అరిచారు. నా మిత్రులు పగలబడి నవ్వారు. వాళ్లకు నేను మా అమ్మ అంగన్‌వాడీ టీచర్ అని చెప్పి ఉన్నాను.

ఇంటర్వెల్‌లోనూ తల వాల్చుకుని సీటులోనే ఉండిపోయాను. ఆట అయ్యి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక యూట్యూబ్ చానెల్ యువకుడు మైకు పెట్టాడు. మొదటి ఆట చూసి వచ్చేవారి మాటలు పట్టుకోవడమే అతని పని.

"అన్న, సినిమా ఎట్లుంది? కండ్లు గింత ఎర్రగున్నయ్, ఏడిపించిండ్రా ఏంది?"

మిత్రులు నా వైపు తిరిగారు. నా ముఖాన్ని పరీక్షగా చూశారు. ఆ చూపు నుంచి తప్పించుకోవాలి. అంతే. మరేమీ ఆలోచించలేదు.

"ఏడ్చుడా? నిద్ర లేసి వస్తున్న తమ్మీ. ఏసీ మంచిగుంది, సీటు మంచిగుంది. ఇంటర్వెల్ల గూడ ఎవ్వరు లేపలే."

అందరూ నవ్వారు. ఆ యువకుడు నా భుజం తట్టాడు. "కిరాక్ అన్న! గదే ఇంకోసారి చెప్పు, కెమెరా దిక్కు జూసి."

మళ్లీ చెప్పాను. ఈసారి కళ్లు నలుపుకుంటూ, ఆవలిస్తూ, మొదటిసారి కంటే బాగా చెప్పాను. మొదటిది భయంతో అన్న మాట అని నన్ను నేను క్షమించుకోవచ్చేమో. రెండోది? రెండోసారి నన్ను ఎవరు భయపెట్టారు?

సాయంత్రానికి ఆ ముక్క ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ఎవరో దానికి గురక శబ్దం కూడా కలిపారు. చూడని వాళ్లు సైతం దాని కింద ఆ సినిమాను వెక్కిరించారు. సోమవారం చిక్కడపల్లి నుంచి నడిచి వస్తూ చూస్తే థియేటర్ మీద వేరే పోస్టర్ ఉంది. నేను ఏమీ అనకపోయినా ఆ ఒక్క ఆటను తీసేసేవారేమో. లీజుదారులకు తమ పెద్ద సినిమా ఉండనే ఉంది. ఈ వాదన వెనక చాలాసార్లు దాక్కోవాలని చూశాను. కానీ వాళ్లకు ఒక సాకు కావలసి వచ్చింది. దాన్ని నవ్వుతూ అందించింది నేను.

ఊళ్లో ఎవరి ఫోన్‌లోనో అమ్మ కూడా ఆ వీడియో చూసింది. ఫోన్ చేసి అడిగింది: "గంత నిద్ర ఏంది బిడ్డా? రాత్రులు పండుకుంటలేవా? పానం మంచిగుందా?"

ఇంతవరకే అయితే మీకు ఇది రాసేవాణ్ణి కాను.

కొన్ని వారాల తర్వాత అశోక్ నగర్‌లో టీ తాగుతుంటే, నా వయసు యువకుడొకడు దగ్గరికి వచ్చాడు. వీడియోలో చూసి నన్ను గుర్తుపట్టానని, ఆ సినిమా తీసింది తానేనని చెప్పాడు.

"కోపం లేదన్న, పరేషాన్ గాకుండ్రి. ఓటీటీ వాళ్లు సినిమా నిడివి జర చిన్నగ చేసియ్యమంటున్నరు. ఒక్క మాట చెప్పుండ్రి. మీకు నిద్ర యాడ వట్టింది?"

ఎంత మర్యాదగా అడిగాడో. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఎవరికైనా దొరుకుతుందా? దొరికింది. నా నోటి నుంచి మాత్రం ఈ మాట వచ్చింది: "ఆ కొంగు ముడి సీను కాడ. జర సాగదీసినట్టుండె."

అతను తల ఊపాడు. "ఎడిటర్ గూడ గదే అన్నడు. నేనే మొండికేసి ఉంచిన." ఆ తర్వాత నా చేయి పట్టుకున్నాడు. "థ్యాంక్స్ అన్న. మొఖం మీద జెప్పెటోళ్లు దొరుకరు."

ఆ సీనే ఎందుకు చెప్పాను? వేరే ఏదైనా చెప్పి ఉండవచ్చు కదా? నన్ను కదిలించింది అదొక్కటే కనుక, నాకు గుర్తున్నదీ అదొక్కటే. లేక, దాన్ని ఇంకెవరూ చూడకూడదని, మా అమ్మ వేళ్లు లోకానికి కనబడకూడదని నాలో ఎవరో కోరుకున్నారా?

ఆ ఏడు చివర్లో సినిమా ఓటీటీలోకి వచ్చింది. నారాయణగూడలో కిరాయికి తీసుకున్న గదిలో, తలుపు గడియ పెట్టుకుని చూశాను. తల్లి గిన్నెలు తోముతుంది. తర్వాత వాళ్లిద్దరూ ఇంట్లో ఉంటారు. మధ్యలో ఏమీ లేదు. వెనక్కి జరిపి మళ్లీ చూశాను. లేదు. థియేటర్‌లో ఆడిన పూర్తి సినిమా ఎక్కడా దొరకలేదు. నా గురక వీడియో మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది.

అతను మరో సినిమా తీశాడో లేదో తెలియదు. ఎదురుపడితే చెబుతానా? చెబుతానని రాయడం సులభం, అందుకే రాయను. అమ్మకూ చెప్పలేదు. పిల్లలు రేపు మళ్లీ ఆ వ్యాసం రాసుకుంటారు, నేను మళ్లీ నీళ్ల సీసా అందుకుంటాను.

కాబట్టి, తీసేసిన ఆ దృశ్యాన్ని పైన మీకు చెప్పగలిగినంత వివరంగా చెప్పాను. వేళ్లు, ముడి, లడ్డూ, ఆమె మాట. దాని నిడివిలో ఒక్క క్షణం కూడా ఎక్కువ కాదు.

నేను నిద్రపోలేదు.